వాసన చెప్పే పని

ఫిల్టరు అడుగున రెండు బెజ్జాలు పూడుకుపోయాయి.
పిన్నీసు మొనతో పొడిచి
కిటికీలోంచి వీధిలైటు కేసి పట్టి చూస్తాను.
ఒకటి వెలిగింది.
ఇంకోటి మొండిది.

నాలుగున్నర. బ్రాడీపేట ఇంకా లేవలేదు.
యార్డు మాత్రం రాత్రంతా పడుకోలేదు, సీజను కదా.
కొక్కేనికి వేలాడుతున్న నా చొక్కా
తనంతట తనే తుమ్మేలా ఉంది.

మిర్చి కాటా దగ్గర ఇరవై ఆరేళ్ళు.
టిక్కీ తర్వాత టిక్కీకి తూకం రాసి రాసి
నా ముక్కుకి వచ్చిన భాష ఒకటే, ఘాటు.
కాఫీ వాసన నాకు నేర్పింది ఝాన్సీ.
పెళ్ళైన కొత్తలో కళ్ళు మూయించి
పొడి డబ్బాలు ముక్కు కింద పెట్టి
"ఇది ఇవాళ్టిది, ఇది మొన్నటిది,
ఇదిగో, ఇందులో మస్తాన్ వలికి చికోరి చెయ్యి జారింది"
అంటూ పరీక్షలు పెట్టేది.
నేనెప్పుడూ ముప్ఫై అయిదు దాటలేదు.

పోయిన వానల్లో ఆవిడకి జ్వరం వచ్చి తగ్గింది.
పోతూ పోతూ అది
ముక్కులో ఉన్నవన్నీ మూటకట్టుకుపోయింది:
ఇంగువ, కిరసనాయిలు, మల్లెలు, నా చొక్కా.
"చొక్కా పోయినందుకు బాధ లేదులే" అంది.
నవ్వుకున్నాం.
ఆ రాత్రి వంటింట్లో
కాఫీపొడి డబ్బాలో మొహం పెట్టి
చాలాసేపు అలాగే నిలబడి ఉండటం చూశాను.
లైటు వెయ్యలేదు నేను.

అప్పట్నుంచీ ఫిల్టరు నాది.

మూడు చెంచాలు, గోపురంగా.
గొడుగు పెట్టి నొక్కకూడదు,
నిద్రపోయే పిల్ల మీద దుప్పటి కప్పినంతే.
నీళ్ళు తెర్లనివ్వకు,
గిన్నె అడుగున ఆవగింజలు లేస్తున్నాయా, దించెయ్.
అంచుల్నుంచి మొదలెట్టి, నడిమికి చివర్న.
మూత పెట్టాక చెయ్యి తీసెయ్.
తట్టకు. కదపకు. తొంగి చూడకు.
ఇవన్నీ ఆవిడ మాటలే,
మంచం మీంచి, కళ్ళు తెరవకుండానే.

టప్.
ఎంతో సేపటికి ఇంకో
టప్.
కాటా ముల్లు నిలకడకి వచ్చేదాకా
రైతు ఊపిరి బిగబట్టి చూస్తాడే,
అలా నిలబడి ఉంటాను.

ముందు డికాషను, దాని మీద పాలు,
తిరగేస్తే ఒప్పుకోదు.
తాటిబెల్లం రంగు తిరిగేదాకా పోసి
గ్లాసులోంచి గ్లాసులోకి మూరెడెత్తున తిరగబోసి
తీసుకెళ్తాను.
ముక్కు దగ్గర పెట్టుకుని అడుగుతుంది,
"ఎలా ఉంది వాసన?"

ఇదీ అసలు పని.

మొదటిరోజు "బావుంది" అన్నాను. సున్నా.
తొలకరికి తడిసిన మట్టి అన్నాను.
"అది అందరూ అనేదే. మట్టి సంగతి కాదు, కాఫీ సంగతి చెప్పు."
అటక మీది ట్రంకుపెట్టె అన్నాను ఇంకోసారి,
దాని అడుగున పరిచిన పాత పేపరు అన్నాను.
కాసేపు ఆలోచించి
"అయితే చికోరి ఎక్కువైంది" అంది.

ఒకరోజు ఆలస్యమై
నిన్నటి పొడి మీదే మళ్ళీ నీళ్ళు పోసి
వేయించిన వేరుశనగ పొట్టు అని ఏదో అల్లాను.
ముక్కు పోయినా నాలుక ఇంట్లోనే ఉంది.
"మాటలు చిక్కగా ఉన్నాయి. కాఫీయే పలచన."

నిన్న సాయంత్రం మర దగ్గర
పొట్లం చేతికిస్తే ఇంకా వెచ్చగా ఉంది.
డిక్కీలో పెట్టబుద్ధి కాక జేబులో పెట్టుకున్నాను.
ఓవర్‌బ్రిడ్జి మీద బళ్ళన్నీ ఆగిపోయాయి.
పక్క స్కూటరు వెనక కూచున్న పిల్లాడు
నా చొక్కా ఘాటుని కూడా దాటుకుని
గాలి పీల్చి, నావైపు తిరిగి,
వాళ్ళమ్మ నడుం పట్టుకుని
"అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

ఇవాళ అడిగినప్పుడు ఇదే చెప్పాను.

"ఎన్నేళ్ళుంటాయి?"
"ఆరు."
"పళ్ళు ఊడాయా?"
"ముందువి రెండూ."

గ్లాసు పెదాల దాకా తేలేదు.
ఆవిరి ఆవిడ కళ్ళద్దాల మీద పడుతూ ఆరుతూ ఉంది.
చల్లారిపోతుంది, తాగమన్నాను.

"ఉండు" అంది,
"వాసన చూస్తున్నా."